జాలికి లెక్క నేర్పిన జెబ్

యుద్ధమో కరవో వచ్చిన దేశాల్లో పిల్లలకు తిండి, మందులు పంపే సంస్థలు నేడు చాలానే ఉన్నాయి. పంపిన తిండి ఎవరి కడుపులోకి వెళ్తోంది? తిన్నాక బిడ్డ కోలుకున్నాడా? వందేళ్ల కిందట ఈ ప్రశ్నలను వదలకుండా పట్టుకున్న మహిళ ఎగ్లంటైన్ జెబ్. ‘సేవ్ ద చిల్డ్రన్’ సంస్థ స్థాపకుల్లో ఒకరు. బాలల హక్కుల తొలి ప్రకటన రాసిందీ ఆమే.

అంగన్‌వాడీకి వెళ్లిన బిడ్డను ముందు తూకం వేస్తారు. ఎత్తు కొలుస్తారు. జబ్బ చుట్టూ రంగుల పట్టీ చుట్టి చూస్తారు. ఆ అంకెలన్నీ రిజిస్టరులో రాస్తారు. గుడ్డూ పాలూ ఇస్తే సరిపోదా, ఈ కొలతల గోలేమిటని విసుక్కునే తల్లులూ ఉంటారు. ఒక్క మనదేశంలోనే కాదు, యుద్ధం నడుస్తున్న చోట గుడారాల్లో తలదాచుకున్న బిడ్డకైనా ముందు జరిగేది ఇదే.

ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడం మనిషికి సహజంగా వచ్చే బుద్ధి. పెట్టిన అన్నం పనిచేసిందో లేదో చూడాలన్న బుద్ధి మాత్రం అంత సహజంగా రాదు. అది నేర్చుకోవాలి. లోకం దాన్ని నేర్చుకున్న తీరులో జెబ్ జీవితానికి ముఖ్యమైన చోటుంది.

ధాత కరవు ఏడాదిలో..

ఎగ్లంటైన్ జెబ్ 1876 ఆగస్టు 25న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, ఎల్స్‌మియర్ ఊరి దగ్గర పుట్టారు. కలిగిన కుటుంబం. పెద్ద ఇల్లు, తోట, పుస్తకాలు. పల్లెల్లోని పేదలకు చేతిపనులు నేర్పించే ఉద్యమాన్ని ఆమె తల్లి నడిపించేవారు. ఇంట్లో ఆకలి మాటే లేదు.

సరిగ్గా అదే ఏడాది మన రాయలసీమలో ధాత కరవు మొదలైంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో పంటలు మాడిపోయాయి. లక్షల మంది చనిపోయారు. కరవు పనుల్లో కూలీలకు ఎంత తిండి ఇవ్వాలన్న దానిపై అప్పుడే పెద్ద వాదం జరిగింది. ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలన్నారు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. రోజంతా మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదనీ, ధాన్యంతో పాటు పప్పులూ కూరగాయలూ ఉండాలనీ వాదించారు. చివరికి 1877లో ఆ కూలిని పెంచక తప్పలేదు.

ఆ కరవు తర్వాత వేసిన కమిషన్ సిఫార్సులతో మనదేశంలో కరవు నియమావళులు తయారయ్యాయి. ఎవరికి పని ఇవ్వాలి, ఎవరికి ఊరికే తిండి పెట్టాలి, మరణాల లెక్క ఎలా రాయాలి.. ఇవన్నీ వాటిలో ఉన్నాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. మన దగ్గర కరవు పనుల్లో తలపండిన ఒక అధికారి జెబ్ కథలోకి మళ్లీ వస్తారు.

టీచరుగా నిలవలేక..

జెబ్ ఆక్స్‌ఫర్డ్‌లోని లేడీ మార్గరెట్ హాల్‌లో చరిత్ర చదివారు. ఆడపిల్లలు విశ్వవిద్యాలయానికి వెళ్లడమే అరుదైన రోజులవి. చదువయ్యాక పేద పిల్లల బడిలో టీచరుగా చేరారు. అది ఆమెకు సరిపడలేదు. పిల్లల గుంపును అదుపులో పెట్టలేకపోయారు. ఆరోగ్యమూ దెబ్బతింది. ఏడాది దాటాక కొంతకాలానికే ఆ ఉద్యోగం మానేశారు.

పిల్లలంటే ఆమెకు మరీ అంత మోజు ఉండేది కాదని దగ్గరివాళ్లకు తెలుసు. పెళ్లి చేసుకోలేదు. పిల్లలు లేరు. పిల్లల కోసం ప్రాణం పెట్టిన మనిషి కథలో ఇది వింతగా అనిపించొచ్చు. కానీ ఆమె పని తీరు అర్థం కావాలంటే ఇది తెలియాలి. ముద్దొచ్చే బిడ్డను చూసి కరిగిపోయి చేసే సాయం మీద ఆమెకు పెద్ద నమ్మకం లేదు. బిడ్డ ముద్దొచ్చినా రాకపోయినా, మనవాడైనా పరాయివాడైనా ఆకలి ఒకటేనన్నది ఆమె లెక్క.

తర్వాత తల్లితో పాటు కేంబ్రిడ్జికి మారారు. అక్కడ పేదల సాయం చూసే ఒక సంఘంలో చేరారు. ఆ ఊళ్లో దానధర్మాలు చేసే సంస్థలకు కొదవ లేదు. చిక్కల్లా ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారో ఒకరికొకరికి తెలియకపోవడమే. ఇలాంటి చోట ఒకే ఇంటికి రెండు మూడు సంస్థల నుంచి సాయం వెళ్తుంది. పక్క సందులోని ఇంటికి ఏదీ అందదు. జెబ్ ఊరిని సర్వే చేశారు. ఇళ్లు, పనులు, కూలి, తాగుడు, చదువు, ఉన్న ధర్మసంస్థలు.. అన్నీ రాసుకున్నారు. 1906లో దాన్ని పుస్తకంగా వేశారు. సాయం చేసే ముందు ఊరిని తెలుసుకోవాలన్న అలవాటు అక్కడే పడింది.

దుప్పట్లు అయిపోయాక?

1913లో బాల్కన్ యుద్ధాల మధ్య, ఒక సహాయ నిధి తరఫున జెబ్ మాసిడోనియా వెళ్లారు. యుద్ధం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి కళ్లారా చూసింది అక్కడే. కాలిపోయిన ఊళ్లు. చలిలో రోడ్డున పడిన కుటుంబాలు. తిండి, బట్ట పంచే పనిలో ఆమె కూడా చేయి వేశారు.

ఇంటికి తిరిగొచ్చాక ఆమెను వేధించిన ప్రశ్న వేరు. పంచిన ధాన్యం కొన్ని వారాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఆ కుటుంబం ఏం చేస్తుంది? పొలం లేదు, పశువు లేదు, ఇల్లు లేదు. మళ్లీ చేయి చాచాల్సిందే. గింజలు పంచడంతో పాటు ఆ ఇంటిని మళ్లీ దాని కాళ్ల మీద నిలబెట్టకపోతే పని సగమే జరిగినట్లని ఆమెకు అనిపించింది. తర్వాతి రోజుల్లో ఆమె సంస్థ చేసిన పనిలో ఈ ఆలోచన మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అయిదు పౌండ్ల జరిమానా

1918 నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. తుపాకులు ఆగినా దిగ్బంధం ఆగలేదు. ఓడిపోయిన జర్మనీ, ఆస్ట్రియాలకు ఆహారం సరిగ్గా చేరకుండా మిత్రరాజ్యాలు నెలల తరబడి అడ్డుకున్నాయి. పాలు లేవు, కొవ్వు పదార్థాలు లేవు, బొగ్గు లేదు. వియన్నా వీధుల్లో కాళ్లు వంకర తిరిగిన పిల్లలు కనిపించేవారు. అది రికెట్స్. విటమిన్-డి లోపంతో ఎముకలు మెత్తబడిపోవడం. దానికి తోడు క్షయ.

జెబ్ చెల్లెలు డొరొతి బక్స్‌టన్ యుద్ధకాలమంతా శత్రుదేశాల పత్రికల నుంచి వార్తలు అనువాదం చేయించి అచ్చు వేయించేవారు. ఆ పనిలో అక్క సాయపడేది. అక్కడి పిల్లల పరిస్థితి వాళ్లకు అలా తెలిసింది. 1919 వసంతంలో జెబ్ బక్కచిక్కిన ఆస్ట్రియా బిడ్డ ఫొటోతో కరపత్రాలు అచ్చువేసి లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచారు. సెన్సారు అనుమతి లేదని పోలీసులు అరెస్టు చేశారు. మే నెలలో కేసు విచారణకు వచ్చింది. ఆమె తన వాదన తానే వినిపించుకున్నారు. అయిదు పౌండ్ల జరిమానా పడింది. విచారణ ముగిశాక ప్రభుత్వం తరఫున వాదించిన న్యాయవాదే ఆమె చేతిలో అయిదు పౌండ్లు పెట్టారనీ, నిధికి అందిన తొలి విరాళం అదేననీ చెబుతారు.

కొద్ది రోజులకే, మే 19న, రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో సభ పెట్టి అక్కాచెల్లెళ్లు ‘సేవ్ ద చిల్డ్రన్ ఫండ్’ను ప్రారంభించారు. శత్రువుల పిల్లలకు అన్నం పెట్టమనే వాళ్ల మీద విసరడానికి కుళ్లిన పండ్లు తెచ్చినవాళ్లూ ఆ సభలో ఉన్నారంటారు. వాళ్ల అన్నదమ్ములూ కొడుకులూ అదే శత్రువుల చేతుల్లో చనిపోయి ఏడాది కూడా కాలేదు మరి. అయినా విరాళాలు వచ్చిపడ్డాయి. మరుసటి ఏడాది జనవరిలో జెనీవా కేంద్రంగా అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

వియన్నా నేర్పిన పాఠం

డబ్బు వచ్చింది. ఇక అసలు చిక్కు మొదలైంది. తిండి కొద్దిగా ఉంది, పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఎవరికి ముందు పెట్టాలి? పేదలకే పెడదామంటే ఆ నగరంలో దాదాపు అందరూ పేదలైపోయారు.

ఈ చిక్కు విప్పడానికి ప్రయత్నించిన వైద్యుడు క్లెమెన్స్ పిర్కే. మనం ఇవాళ రోజూ వాడే ‘అలర్జీ’ అనే మాటను 1906లో పుట్టించింది ఆయనే. ఆస్ట్రియా పిల్లలకు అమెరికా సహాయంతో భోజనం పెట్టే పెద్ద కార్యక్రమం బాధ్యత ఆయనకు అప్పగించారు. బడి పిల్లల బరువును, కూర్చున్నప్పటి ఎత్తును కలిపి ఆయన ఒక సూచీ తయారుచేశారు. మంచి పోషణ ఉన్న మనిషికి అది సుమారు 100 వస్తుంది. 94 కన్నా తగ్గితే ఆ బిడ్డకు పోషణ చాలడం లేదని లెక్క. రక్తం, కొవ్వు, కండ ఎలా ఉన్నాయో డాక్టరు కూడా చూసేవాడు. ఆ తర్వాతే భోజనం చీటీ. సిఫార్సు, బతిమాలడం అక్కడ పనిచేయవు.

ఆ సూచీ ఎక్కువ కాలం నిలవలేదు. దానిలో లోపాలున్నాయని తర్వాత వైద్యులు తేల్చారు. కానీ ఆకలిని ఒంటి మీద కొలిచి, ఆ కొలతను బట్టి సాయం ఇవ్వాలన్న ఆలోచన నిలిచింది.

అదే నగరంలో, పిర్కే ఆసుపత్రిలోనే, బ్రిటన్ నుంచి వెళ్లిన శాస్త్రవేత్త హారియట్ చిక్ బృందం 1919 నుంచి 1922 వరకు రికెట్స్ మీద పనిచేసింది. ఒకే వార్డులోని పసిపిల్లల్లో కొందరికి కాడ్ లివర్ ఆయిల్ ఉన్న ఆహారం, కొందరికి అప్పట్లో మామూలుగా ఇచ్చే ఆహారం ఇచ్చి చూశారు. చలికాలం వచ్చేసరికి రెండో గుంపులో రికెట్స్ కనిపించింది. నూనె తాగిన పిల్లలకు రాలేదు. వేసవిలో ఎండ తగిలితే ఎవరికీ కొత్తగా రావడం లేదనీ గమనించారు. ఎండ, కాడ్ లివర్ ఆయిల్.. ఈ రెండూ రికెట్స్‌ను ఆపుతాయని రుజువైంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అందరికీ నూనె పోసి, వేసవి రాగానే పిల్లలు కోలుకున్నారని రాసుకుని ఉంటే ఏమయ్యేది? గుణం నూనెదో ఎండదో ఎప్పటికీ తేలేది కాదు. పక్కన పోల్చి చూసే గుంపు ఉంది కాబట్టి తేలింది. సహాయ కార్యక్రమం పనిచేసిందా అని అడిగేవాళ్లు నేటికీ వెతికేది ఈ పోలికనే.

పిర్కే, చిక్‌ల పని జెబ్ చేయించింది కాదు. కానీ ఆమె సంస్థ పుట్టిన రోజుల్లోనే, ఆ సంస్థ డబ్బు పంపుతున్న నగరంలోనే జరిగింది. పిల్లల సాయం పద్ధతిగా, నిపుణుల చేత, శాస్త్రం ఆధారంగా సాగాలని జెబ్ పట్టుబట్టడానికి వెనక ఉన్న వాతావరణం ఇది.

సరాటోవ్ వంటశాలలు

1921లో రష్యాలో వోల్గా నది పరీవాహకంలో వానలు లేక పంట పోయింది. అంతకుముందే ఏళ్ల తరబడి యుద్ధం, అంతర్యుద్ధం, బలవంతపు ధాన్యం వసూళ్లు. ఇళ్లలో గింజ నిల్వ లేదు. జనం గడ్డి, చెట్టు బెరడు తిన్నారు. టైఫస్ వ్యాపించింది. ఆ కరవులో సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా.

నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఆధ్వర్యంలో యూరప్ సంస్థలు కదిలాయి. సరాటోవ్ ప్రాంతం జెబ్ సంస్థ వంతుకు వచ్చింది. 600 టన్నుల సరకుతో సెప్టెంబరులో లండన్ నుంచి ఓడ బయల్దేరింది. ఊరూరా పిల్లల వంటశాలలు తెరిచారు. పని ఊపందుకున్నాక రోజుకు దాదాపు 3 లక్షల మంది పిల్లలకు భోజనం పెట్టారు.

ఇంట్లో బ్రిటన్ పిల్లలు పస్తులుంటే బయటివాళ్లకు పెట్టడమేమిటని లండన్‌లో ఒక పెద్ద పత్రిక విమర్శలు మొదలుపెట్టింది. అంత పెద్ద కరవు ఉందా అన్న అనుమానం కూడా జనంలో పాకింది. వాటికి జెబ్ బృందం ఇచ్చిన జవాబు ఆ రోజులకు కొత్తది. ఫొటోగ్రాఫరును సరాటోవ్ పంపి సినిమా తీయించారు. కరవు ఊళ్లూ, పిల్లలూ, వంటశాలలూ కదిలే బొమ్మలుగా తెర మీదికి వచ్చాయి. 1922లో ఆ సినిమాను ఊరూరా చూపించారు.

సినిమా జాలిని కదిలిస్తుంది. అనుమానం తీరాలంటే తెలిసిన మనిషి వెళ్లి చూసి రావాలి. ధాత కరవు దగ్గర గుర్తుంచుకోమన్న అధికారి ఇక్కడే వస్తారు. ఆయన పేరు సర్ బెంజమిన్ రాబర్ట్‌సన్. మనదేశంలో ఐసీఎస్ అధికారి, సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనరుగా చేసినవారు. కరవు సాయంలో అనుభవం గడించినవారు. 1922 మొదట్లో ఆయన వోల్గా ప్రాంతానికి వెళ్లి, పరిస్థితినీ సహాయ పనులనూ చూసి నివేదిక ఇచ్చారు. కరవు నిజమేననీ, చాలా తీవ్రమైనదనీ తేలింది. లక్షల ప్రాణాలు పోయాక మన గడ్డ మీద రూపుదిద్దుకున్న కరవు పాలన అనుభవం అలా రష్యా పల్లెల్లో పనికొచ్చింది.

ఆ వంటశాలలు మరో కఠిన సత్యాన్నీ బయటపెట్టాయి. సంస్థ పేరులోనే పిల్లలున్నారు కాబట్టి మొదట పిల్లలకే పెట్టారు. కానీ తల్లీతండ్రీ ఆకలితో చనిపోతే, మధ్యాహ్నం గంజి తాగిన బిడ్డ సాయంత్రం ఏ ఇంటికి వెళ్లాలి? అనాథలు పెరుగుతూ పోయారు. 1922లో అక్కడ పెద్దలకు కూడా తిండి పెట్టడం మొదలైంది. సాయం అందిన పెద్దల సంఖ్య కూడా లక్షల్లోకి చేరింది. బిడ్డను కాపాడాలంటే కుటుంబాన్ని కాపాడాలన్నది అప్పటికి అనుభవంలోకి వచ్చిన మాట.

ఎన్ని భోజనాలు పెట్టారన్న లెక్క వాళ్ల దగ్గరుంది. అంత పెద్ద పనిలో అది చిన్న సంగతేమీ కాదు. కానీ ఆ వంటశాలల వల్లే ఎందరు బతికారన్న ప్రశ్నకు భోజనాల లెక్క జవాబు చెప్పలేదు. 1922లో పంట కొంత మెరుగైంది. కోలుకున్న పిల్లల్లో ఎంత గుణం గంజిది, ఎంత పంటది? వియన్నా వార్డులో ఉన్నట్లు పోలిక ఇక్కడ లేదు, ఆకలితో చస్తున్న ఊళ్లలో సగం మందికి తిండి ఆపి చూడటమూ కుదరదు. ఈ ఇరకాటం నేటికీ ఉంది. యుద్ధభూమిలో పరిశోధన చేసేవాళ్లు ఎవరికీ సాయం ఆపకుండా, ముందు అందిన ఊళ్లను ఆలస్యంగా అందిన ఊళ్లతో పోల్చడం లాంటి దారులు వెతుకుతుంటారు.

అయిదు అంశాల కాగితం

సరాటోవ్ అనుభవం తర్వాత జెబ్ ఆలోచన మరో మెట్టు ఎక్కింది. కరవు వచ్చినప్పుడల్లా చందాలు పోగుచేయడం, జనం జాలి పడితే బిడ్డ బతకడం, పడకపోతే చావడం.. ఇది ఎంతకాలం? సాయం దయ కాకూడదు, హక్కు కావాలి. 1923లో జెనీవాలో ఆమె ఒక చిన్న ప్రకటన రాశారు. మొత్తం అయిదే అంశాలు. బిడ్డ ఎదగడానికి కావాల్సినవి అందాలి. ఆకలిగొన్న బిడ్డకు తిండి, జబ్బు పడ్డ బిడ్డకు వైద్యం, అనాథకు నీడ దొరకాలి. ఆపద వచ్చినప్పుడు సాయం ముందు బిడ్డకే అందాలి. పెద్దయ్యాక బతుకుతెరువు చూసుకునే శక్తి కలిగించాలి, దోపిడీ నుంచి కాపాడాలి. తన శక్తిని తోటి మనుషుల సేవకు వాడాలనే భావంతో పెంచాలి.

1924 సెప్టెంబరులో నానాజాతి సమితి దాన్ని ఆమోదించింది. అదే 1959 నాటి ఐక్యరాజ్య సమితి ప్రకటనకూ, 1989 నాటి బాలల హక్కుల ఒప్పందానికీ మూలం. ఆ ఒప్పందంలో మనదేశం 1992లో చేరింది. హక్కు అని రాసుకున్నాక లెక్క అడిగే తీరు మారిపోతుంది. దానమైతే ఇచ్చినవాడే ఎంతిచ్చానో చెప్పుకొంటాడు. హక్కయితే అందనివాళ్ల మాటేమిటని అడగొచ్చు.

తుది వరకూ పని

ఇంత పని చేసిన మనిషికి ఆరోగ్యం ఎప్పుడూ తోడు నిలవలేదు. మెడలోని థైరాయిడ్ గ్రంథి జబ్బు ఆమెను ఏళ్ల తరబడి పీడించింది. నేడు మనం రక్తపరీక్షతో థైరాయిడ్ తేడాను పట్టుకుని మాత్రలతో అదుపు చేసుకుంటున్నాం. ఆ రోజుల్లో ఈ పరీక్షలు లేవు, మందుల్లో చాలావరకు ఇంకా పుట్టలేదు. ఆపరేషనే ప్రధాన మార్గం, అదీ ప్రమాదకరమే. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆమె జెనీవాలో పని మానలేదు. 1925లో అక్కడ బాలల సంక్షేమంపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. చైనా పిల్లల కోసం పనిచేయాలని చైనా భాష నేర్చుకోవడమూ మొదలుపెట్టారు.

అది తీరలేదు. 1928 డిసెంబరు 17న జెనీవాలోనే కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 52. అక్కడే సమాధి చేశారు. అయిదు పౌండ్ల జరిమానాతో మొదలైన ప్రయాణం అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు ఏం కొలుస్తారు?

జెబ్ కాలంలో లేని పనిముట్లు ఇప్పుడున్నాయి. యుద్ధం, కరవు, వరద బాధిత ప్రాంతాల్లో పిల్లల పోషణ కార్యక్రమం సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి ముఖ్యంగా వీటిని గమనిస్తారు.

* జబ్బ చుట్టుకొలత: 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు భుజానికీ మోచేతికీ మధ్య పట్టీ చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషణలోపం. ఆ బిడ్డకు వెంటనే చికిత్స కావాలి. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే మధ్యస్థ లోపం.

* పాదాల వాపు: రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కి కొన్ని సెకన్లు ఉంచి తీస్తే గుంట పడుతోందా అని చూస్తారు. బిడ్డ బొద్దుగా కనిపించినా ఇది ఉంటే ప్రమాదమే.

* కోలుకున్నవాళ్లు ఎందరు: తీవ్ర పోషణలోపానికి చికిత్స ముగించిన పిల్లల్లో నూటికి 75 మందికి పైగా కోలుకోవాలి. మరణాలు నూటికి 10 లోపు, మధ్యలో మానేసినవాళ్లు 15 లోపు ఉండాలి. సహాయ సంస్థలు అంతర్జాతీయంగా ఒప్పుకొన్న కనీస ప్రమాణాలివి.

* రానివాళ్లు ఎందరు: కేంద్రానికి వచ్చిన పిల్లలంతా కోలుకున్నా, ఊళ్లోని జబ్బు పిల్లల్లో సగం మంది అసలు రాకపోతే పని జరగనట్లే. పల్లెల్లో చికిత్స అవసరమైన పిల్లల్లో సగానికి పైగా, పట్టణాల్లో 70 శాతానికి పైగా, శిబిరాల్లో 90 శాతానికి పైగా అందాలి.

* మరణాల రేటు: ఆపద ప్రాంతంలో అయిదేళ్లలోపు పిల్లల్లో రోజుకు ప్రతి 10 వేల మందికి ఇద్దరు చనిపోతుంటే అత్యవసర పరిస్థితిగా భావిస్తారు.

వీటిలో చివరి మూడూ చాలాసార్లు రాసుకోవడానికి ఇబ్బందిపెట్టే అంకెలు. ఎన్ని బస్తాలు పంచామన్నది చెప్పుకోవడం తేలిక. ఎందరు మానేశారు, ఎందరు రాలేదు, ఎందరు చనిపోయారన్నది చెప్పుకోవడం కష్టం. బిడ్డలకు పనికొచ్చేవి మాత్రం ఈ కష్టమైన అంకెలే. తప్పు ఎక్కడ జరుగుతోందో తెలిసేది వీటి వల్లనే.

మనం అడగాల్సింది

ఎక్కడో యుద్ధం జరుగుతున్న చోటి పిల్లల కోసమో, మన పక్క జిల్లాలో వరద వచ్చిందనో చందా ఇస్తుంటాం. ఇవ్వాల్సిందే. ఇచ్చేముందు మూడు మాటలు అడగడం తప్పు కాదు. ఎవరికి ఇవ్వాలో ఎలా ఎంచుకుంటున్నారు? తీసుకున్నాక వాళ్లు కోలుకున్నారో లేదో ఎలా చూస్తున్నారు? అందనివాళ్ల సంగతి ఎవరు చూస్తున్నారు? సూటిగా జవాబు చెప్పే సంస్థకు మీ డబ్బు ధైర్యంగా ఇవ్వొచ్చు. లోపాలు కూడా దాచకుండా చెప్పే సంస్థ అయితే ఇంకా మంచిది.

ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే ఇంకో మాట. ఈసారి అంగన్‌వాడీలో బిడ్డను తూకం వేసినప్పుడు ఆ అంకె ఏమిటో అడిగి తెలుసుకోండి. పోయిన నెల కన్నా పెరిగిందా, అక్కడే ఉందా, తగ్గిందా చూడండి. వరసగా రెండు నెలలు పెరగకపోతే డాక్టరుకు చూపించండి. కాళ్లకు వాపు ఉంటే, బిడ్డ తినడం మానేసి నీరసంగా పడుకుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పిల్లల గుంపును చూసి బెదిరి బడి వదిలేసిన ఓ టీచరు, లక్షల మంది పిల్లల ఆకలిని లెక్క కట్టే పనికి జీవితమిచ్చారు. ఆ లెక్కలో మన బిడ్డ పేరు ఎదురుగా ఉన్న అంకె కూడా ఒకటి. దాన్ని చదువుకోవడం మన వంతు.